కాంటినెంటల్ ఆప్‌ని తెలుగులో ఎలా మాట్లాడించాలి?

మునగాకు · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాలాకాలంగా వచ్చి చదివి వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఇరకాటంలో పడ్డాను, అందుకే నోరు విప్పుతున్నాను.

అమెరికన్ డిటెక్టివ్ కథల రచయిత డాషియెల్ హామెట్ కథల్ని తెలుగులోకి తెద్దామని ఆర్నెల్లుగా కుస్తీ పడుతున్నాను. ఆయన పోయింది 1961 జనవరిలో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు కాపీరైట్. అంటే 2022 నుంచి ఇక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. ఒక ప్రచురణ సంస్థకి రెండు కథలు పంపితే "మా పాఠకులు ఇలాంటివి చదవరండీ" అని మూడు వారాల్లో తిప్పి పంపారు. సరే, అది వేరే బాధ.

నేను వృత్తికి ఆడిటర్‌ని. హామెట్ నాకు పట్టుకోవడానికి కారణం కూడా అదేనేమో. ఆయన డిటెక్టివ్ కాంటినెంటల్ ఆప్ ఉన్నాడే (ఆప్ అంటే ఆపరేటివ్, ఏజెన్సీ మనిషి), అతనికి పేరు కూడా లేదు. పొట్టి, లావు, నలభై లోపో పైనో వయసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాంటినెంటల్ అనే డిటెక్టివ్ ఏజెన్సీ బ్రాంచిలో జీతానికి పనిచేస్తాడు. తుపాకీ కన్నా ఎక్కువగా కాళ్ళతో పనిచేస్తాడు. గ్యారేజీవాడిని అడగడం, ఇరుగుపొరుగుని అడగడం, లెక్కలు సరిచూడడం. 'రెడ్ హార్వెస్ట్'లో ఒక ఊరికి ఊరు ఒకరినొకరు చంపుకునేలా చేసి, చివర్లో కూర్చుని ఇతను పడే బెంగ ఏమిటో తెలుసా? ఏజెన్సీ రూల్స్ ఎన్ని తప్పాడో బయటపడకుండా రిపోర్టు ఎలా రాయాలా అని! అలాంటి రిపోర్టులు నా సర్వీసులో ఎన్ని చూశానో.

ఇక నా సమస్య. ఇంగ్లిష్‌లో దొంగైనా జడ్జి అయినా శవమైనా 'హీ' అన్న ఒక్క మాటతో సరిపోతుంది. మనకి వాడు, అతను, ఆయన. ఏదో ఒకటి ఎంచుకోకపోతే వాక్యం కదలదు. ఎంచుకున్నామా, ఆ మనిషికి మార్కులు వేసేసినట్టే. హామెట్ చేయనిది ఆ ఒక్క పనే. 'మాల్టీస్ ఫాల్కన్'లో ఆయన ఒక్క పాత్ర బుర్రలోకి కూడా దూరడు. అందులో డిటెక్టివ్ శామ్ స్పేడ్ సిగరెట్ ఎలా చుట్టుకున్నాడో వేలు వేలూ చెప్తాడు, చుట్టుకుంటూ ఏమనుకున్నాడో చెప్పడు. అలాంటి పుస్తకంలో నేను స్పేడ్‌ని 'ఆయన' అంటే పెద్దమనిషి అయిపోతాడు, 'వాడు' అంటే రౌడీ అయిపోతాడు. ఏం చేయను?

కామా_లేదు · రాత్రి 9:52

"అతను" అని రాసేయండి అయిపోతుంది. నెక్స్ట్.

మునగాకు · రాత్రి 9:55

రాసి చూశాను. పేజీకి ముప్ఫై 'అతను'లు పడ్డాయి. గట్టిగా చదివితే రైలు పట్టాల మీద చప్పుడులా ఉంది.

శాలిబండ · రాత్రి 10:10

మీ ఆప్‌ని హైదరాబాద్ తీసుకొస్తే ఇంకో కష్టం ఉంది మేడమ్. ఇక్కడ 'ఆప్' అంటే మీరు అని. "ఆప్ లోపలికి వచ్చాడు" అని నేను చదివితే, ఆప్ అని ఇంత మర్యాద ఇచ్చి మళ్ళీ వచ్చాడు అంటారేంటి అనిపిస్తుంది. ఢిల్లీవాళ్ళకైతే పార్టీ గుర్తొస్తుంది. 'ఆపరేటివ్' అని పూర్తిగా రాస్తే సహకార సంఘం గుర్తొస్తుంది. ఏం చేస్తారో చేయండి.

జోక్ పక్కన పెడితే, ఈ సరుకు నాకు పరిచయమైంది ఆబిడ్స్‌లో. ఆదివారం షాపులన్నీ మూసేశాక ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. అట్ట లేని రేమండ్ చాండ్లర్ డిటెక్టివ్ నవల ఒకటి దొరికింది. ఆఖరి రెండు పేజీలు లేవు. ఏళ్ళ తర్వాత పూర్తి పుస్తకం దొరికి చదివితే, ఆ రెండు పేజీలు లేకపోయినా నష్టమేమీ లేదని తెలిసింది.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్ · శనివారం ఉదయం 6:15

అమ్మా మునగాకూ, మంచి పని పెట్టుకున్నావు. కాస్త వెనక నుంచి వస్తాను, విసుక్కోవద్దు.

ఈ కథలు పుట్టింది పుస్తకాల్లో కాదు, చవక పత్రికల్లో. చెక్క గుజ్జుతో చేసిన నాసిరకం కాగితం, అందుకే వాటికి పల్ప్ అని పేరు. పైన మాత్రం నున్నటి రంగుల అట్ట, దాని మీద తుపాకీ, కేక పెడుతున్న అమ్మాయి. లోపల కాగితం గరుకు, అంచులు కూడా సరిగ్గా కోసేవారు కాదు. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. కొన్నేళ్ళకి పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. మన పాత వారపత్రికల్లో సీరియళ్ళు చించి బైండు చేయించుకున్నవాళ్ళకి ఆ పొడి ఎలా రాలుతుందో చెప్పక్కర్లేదు.

'బ్లాక్ మాస్క్' అనే పత్రికని 1920లో పెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? హెచ్.ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్. ఇద్దరూ పెద్ద సాహిత్య విమర్శకులు. 'స్మార్ట్ సెట్' అనే వాళ్ళ ఉన్నతమైన పత్రిక నష్టాల్లో ఉంటే, దాన్ని బతికించడానికి ఈ పత్రిక పెట్టారు. ఎనిమిది సంచికలు కాగానే 12,500 డాలర్లకి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. అంత తక్కువ చూపు చూసిన పత్రికలోంచే హామెట్ వచ్చాడు, చాండ్లర్ వచ్చాడు. 1926 నుంచి పదేళ్ళు జోసెఫ్ షా సంపాదకుడు. అనవసరమైన మాట కనిపిస్తే ఎర్ర సిరా. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఫానీ ఎల్స్‌వర్త్ అనే మహిళ. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

మాకు అప్పట్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఉండేవాడు, అసిస్టెంట్ రాజు ఉండేవాడు. అద్దె కొట్టులో ఒక పుస్తకం మీద నలుగురం వరసలో ఉండేవాళ్ళం. యుగంధర్‌ని నేను ఇప్పటికీ 'వాడు' అనలేను. కానీ మీ ఆప్‌ని చూస్తే మా తపాలా ఇన్‌స్పెక్టర్ గుర్తొస్తాడు. సంచీ, గొడుగు, ప్రయాణ భత్యం బిల్లు. అలాంటి మనిషికి తెలుగులో ఇంతవరకూ గొంతు లేదు. అసలు చిక్కు అదీ.

తాపేశ్వరం_కాజా · ఉదయం 9:30

మాస్టారూ, చదువుతుంటే కమ్మగా ఉంది. ఈ రకం కథల్ని హార్డ్‌బాయిల్డ్ అంటారు కదా, ఆ మాటకి తెలుగేంటో ఎవరైనా చెప్తారా? నాకైతే 'బాగా ఉడికిన గుడ్డు' తప్ప ఇంకేం తట్టట్లేదు.

కామా_లేదు · ఉదయం 9:34

రాటుదేలిన.

తాపేశ్వరం_కాజా · ఉదయం 9:41

ఒప్పుకోక తప్పట్లేదు తమ్ముడూ. బాగుంది.

ఎర్రబస్సు · ఉదయం 11:05

అందరూ జీతగాడు, సామాన్యుడు అని మురిసిపోతున్నారు గానీ ఆ ఏజెన్సీ ఏమిటో కూడా మాట్లాడుకుందామా? కాంటినెంటల్‌కి నమూనా పింకర్టన్. అలన్ పింకర్టన్ 1850లో షికాగోలో పెట్టిన కంపెనీ. బోర్డు మీద తెరిచిన కన్ను, కింద 'మేము ఎప్పుడూ నిద్రపోం' అని రాత. ప్రైవేట్ 'ఐ' అన్న మాట ఆ కన్ను నుంచే వచ్చిందని చెప్తారు. ఆ కన్ను ఎవరి మీద కాపలా కాసిందో తెలుసు కదా? 1892 జూలైలో పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్ ఉక్కు ఫ్యాక్టరీలో కార్మికుల్ని బయటికి నెట్టి తాళం వేస్తే, యాజమాన్యం తరఫున దాదాపు మూడు వందల మంది పింకర్టన్లు రాత్రికి రాత్రి పడవల్లో దిగారు. ఒడ్డున కార్మికులు. రెండు వైపులా శవాలు లేచాయి. యూనియన్లలో గూఢచారుల్ని పెట్టడం వాళ్ళ రోజువారీ వ్యాపారం.

నేను ముప్ఫై ఏళ్ళు యూనియన్‌లో తిరిగినవాణ్ణి. మేనేజ్‌మెంట్ మనిషిని వాసన పట్టగలను. మీ ఆప్ ఆ మనిషే. మీరు 'అతను' అన్నా 'ఆయన' అన్నా, నాకు మాత్రం వాడే.

మునగాకు · మధ్యాహ్నం 1:20

ఎర్రబస్సు గారూ, మీరన్నది పూర్తిగా నిజం. ఆ నిజం హామెట్‌కి మీకన్నా బాగా తెలుసు. ఆయన 1915లో బాల్టిమోర్‌లో పింకర్టన్‌లో చేరాడు. మధ్యలో యుద్ధంలో సైన్యానికి వెళ్ళి క్షయ తెచ్చుకున్నాడు. 1922 కల్లా ఆ ఉద్యోగం పూర్తిగా వదిలేశాడు. మోంటానాలోని బ్యూట్‌లో ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి 1917 ఆగస్టులో ముసుగు మనుషులు ఎత్తుకెళ్ళి ఉరితీశారు. ఆ లిటిల్‌ని చంపడానికి తనకి అయిదు వేల డాలర్లు ఇస్తామన్నారని హామెట్ చెప్పేవాడని ఆయన సహచరి లిలియన్ హెల్‌మన్ రాసింది. 'రెడ్ హార్వెస్ట్'లో గనుల ఊరు మోంటానా వైపు ఊరే. సమ్మెని అణచడానికి గనుల యజమాని గూండాల్ని పిలిపిస్తాడు. సమ్మె పోయింది, గూండాలు పోలేదు, ఊరు వాళ్ళదైపోయింది. నవల మొదలయ్యేది అక్కడి నుంచే.

1951లో ఆయన జైలుకి కూడా వెళ్ళాడు. కమ్యూనిస్టు నాయకుల బెయిలు నిధికి డబ్బిచ్చినవాళ్ళ పేర్లు చెప్పమని కోర్టు అడిగితే నోరు విప్పలేదు. ఆరు నెలలు వేశారు. ఒకప్పుడు పేర్లు రాబట్టడమే ఉద్యోగంగా బతికిన మనిషి ఆయన.

కాబట్టి ఆప్‌ని మీరు 'వాడు' అంటే నేనేమీ అనుకోను. కానీ అది నా నోటితో అనిపించకండి, అంతే నేను అడిగేది.

ఎర్రబస్సు · మధ్యాహ్నం 1:48

జైలు సంగతి తెలియదు. చదువుతాను.

ఎడిసన్_పిన్ని · రాత్రి 8:15 (ఇక్కడ ఉదయం)

కాపీరైట్ గురించి ఒక మాట. అమెరికా లెక్క వేరు, ఇక్కడ అచ్చయిన ఏడాది చూస్తారు. 'ఫాల్కన్' పుస్తకంగా వచ్చింది 1930లో, అందుకే ఇక్కడ 2026 జనవరి 1న గానీ కాపీరైట్ నుంచి విడుదల కాలేదు. 1923 కథలు 2019లోనే విడుదలయ్యాయి. మీరు ఇండియాలోనే అచ్చేస్తే ఈ తలనొప్పి లేదు. ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం ఏ కథ ఎప్పటిదో చూసుకోండి.

పాత పుస్తకాల సంతలో నేను ఒక పల్ప్ పత్రిక పట్టుకుని చూశాను. వెడల్పు ఏడంగుళాలు, పొడవు పది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తీయొద్దని చీటీ అంటించారు. తీయకుండా ఎలా చదువుతారు అంటే, ఇది చదవడానికి కాదమ్మా అన్నాడు అమ్మేవాడు! ఒకప్పుడు రైల్లో చదివి సీటు మీద వదిలేసిన సరుకు అది.

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు మా ఆయన వద్దంటున్నా స్టాక్‌టన్ సొరంగం మీదున్న బర్రిట్ సందుకి తీసుకెళ్ళాను. 'ఫాల్కన్'లో స్పేడ్ భాగస్వామి మైల్స్ ఆర్చర్ చచ్చిపోయేది అక్కడే. గోడకి ఫలకం ఉంది. సుమారు ఈ చోటునే ఆర్చర్ హతమయ్యాడు అని రాసి, ఎవరి చేతిలో అన్నది కూడా

మోడరేటర్ · రాత్రి 8:31

పిన్ని గారి పోస్టులో చివరి రెండు లైన్లు నేనే తీసేశాను, క్షమించాలి. హంతకుల పేర్లు రాయొద్దని ఈ విభాగానికి ఉన్న ఒకే ఒక్క రూల్.

ఎడిసన్_పిన్ని · రాత్రి 8:40

ఊళ్ళో గోడ మీదే రాసిపెట్టారయ్యా బాబూ! 1930 నాటి పుస్తకం!

మోడరేటర్ · రాత్రి 8:42

మా అమ్మ ఇప్పుడు చదువుతోంది పిన్నీ. సగంలో ఉంది.

తాపేశ్వరం_కాజా · ఆదివారం ఉదయం 10:00

ఇంతసేపూ హామెట్ హామెట్ అంటున్నారు, చాండ్లర్ ఊసెత్తరేం? నన్నడిగితే తెలుగు చేయాల్సింది ఆయన్ని. హామెట్ చెప్పేది జరిగింది జరిగినట్టు. చాండ్లర్ పేజీలో అయితే గదిలో పాత సిగార్ వాసన కూడా వస్తుంది.

ఆయన కథ కూడా సినిమా కథే. పుట్టింది షికాగోలో, చదివింది ఇంగ్లండ్‌లో, లాటిన్, గ్రీకుతో సహా. తిరిగొచ్చి లాస్ ఏంజెలెస్‌లో చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం. తాగుడు వల్ల 1932లో అది ఊడింది. నలభై నాలుగేళ్ళ వయసులో, పల్ప్ పత్రికలు ముందేసుకుని వాళ్ళెలా రాస్తున్నారో చూసి నేర్చుకున్నాడు. మొదటి కథకి అయిదు నెలలు పట్టింది. 1933 డిసెంబరు 'బ్లాక్ మాస్క్'లో వచ్చింది. మాటకి ఒక సెంటు లెక్కన 180 డాలర్లు ఇచ్చారు. అయిదు నెలలకి 180!

అమెరికన్ భాషని పరాయి భాష నేర్చుకున్నట్టు నేర్చుకున్నానని ఆయనే అన్నాడు. అంటే ఆ వాక్యాలు ఒకసారి అనువాదమై వచ్చినవే మునగాకు గారూ. మీరు చేసేది రెండోసారి.

ఇప్పుడు అసలు పరీక్ష. 'ఫేర్‌వెల్, మై లవ్లీ'లో మూస్ మలాయ్ అనే పర్వతం లాంటి మనిషి గొంతు చించుకునే రంగుల బట్టలేసుకుని వీధిలో నిలబడతాడు. ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాడో చెప్పడానికి, తెల్లటి కేకు ముక్క మీద పెద్ద విషపు సాలీడుతో పోలుస్తాడు చాండ్లర్. దీన్ని తెలుగులో ఎలా పెడతారు?

కామా_లేదు · ఉదయం 10:06

పెరుగన్నంలో జెర్రి.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్ · ఉదయం 10:30

భేష్.

శాలిబండ · ఉదయం 10:48

భేష్ ఏంటి మాస్టారూ! లాస్ ఏంజెలెస్ సెంట్రల్ అవెన్యూలో పెరుగన్నం ఎక్కడిది? చదివేవాడికి అమెరికా కనిపించాలి కదా. కేకు మన పిల్లల పుట్టినరోజులకి లేదా ఏంటి, సాలీడు మన ఇళ్ళల్లో లేదా? ఉన్నది ఉన్నట్టు పెట్టండి.

తాపేశ్వరం_కాజా · ఉదయం 11:02

సాలీడు అంటే మనకి మూల గోడలో ఉండే పాపం ప్రాణి. భయం పుట్టదు. జెర్రి అంటే కాళ్ళు పైకి ముడుచుకుంటాం. చాండ్లర్ పోలికలో నవ్వొచ్చేలోపు ఒళ్ళు జలదరించాలి. జలదరింపు ముఖ్యమా, కేకు ముఖ్యమా?

శాలిబండ · ఉదయం 11:10

అలా అయితే చాండ్లర్ డిటెక్టివ్ మార్లో తాగే విస్కీని కల్లు చేస్తారా?

తాపేశ్వరం_కాజా · ఉదయం 11:12

అది వేరు.

శాలిబండ · ఉదయం 11:13

ఎలా వేరు?

మునగాకు · మధ్యాహ్నం 2:30

ఇద్దరూ తగువు ఆపకండి, నాకు పనికొస్తోంది. నా వరకు చెప్పాలంటే, విస్కీ అక్కడ వస్తువు. సీసా ఉంది, గ్లాసు ఉంది, మార్లో నిజంగా తాగుతున్నాడు. సాలీడు నిజంగా అక్కడ లేదు, చెప్పేవాడి నాలుక మీద ఉంది. వస్తువుని మార్చను. పోలిక తెలుగు నాలుక మీదికి రావచ్చు. కానీ పెరుగన్నం అనగానే అరిటాకూ పెళ్ళిపందిరీ వెంటపడి వస్తాయి, అవి మార్లో ఎరగడు. 'కేకు మీద జెర్రి' అంటే ఇద్దరికీ సగం సగం న్యాయం అవుతుందేమో.

చాండ్లర్ మీద ఆడిటర్‌గా నాకో అభ్యంతరం ఉంది. 1939లో వచ్చిన 'ది బిగ్ స్లీప్', పత్రికల్లో అప్పటికే డబ్బు తీసుకున్న రెండు పాత కథల్ని కలిపి కుట్టిన నవల. మా భాషలో ఒకే బిల్లు రెండుసార్లు క్లెయిమ్ చేయడం. కుట్టు దగ్గర ఒక దారం వేలాడుతుంది కూడా. అందులో ఒక డ్రైవర్ చావు. సినిమా తీస్తున్నప్పుడు హవర్డ్ హాక్స్ బృందం, అతన్ని ఎవరు చంపారని అడిగితే, నాకూ తెలియదన్నాడట చాండ్లర్. హామెట్ దగ్గర ఇలాంటి తేడా రాదు. ఆప్ రిపోర్టులో ప్రతి శవానికీ ఓచరు ఉంటుంది.

తాపేశ్వరం_కాజా · మధ్యాహ్నం 2:44

శవానికి ఓచరు 😂 సరే, ఈ రౌండు మీదే.

శాలిబండ · సాయంత్రం 5:00

అనువాదం అంటున్నారు కాబట్టి చెస్టర్ హైమ్స్ సంగతి చెప్పాలి. జైల్లో రాయడం మొదలుపెట్టిన నల్లజాతి రచయిత. అమెరికాలో బతకలేక పారిస్ చేరాడు. అక్కడ 'సెరీ నోయిర్' అనే క్రైమ్ నవలల వరస నడిపే మార్సెల్ డుహామెల్ ఆయన చేత హార్లెమ్ డిటెక్టివ్ నవలలు రాయించాడు. డుహామెల్ స్వయంగా అనువాదకుడు. 1958లో మొదటి హార్లెమ్ నవలకి ఫ్రాన్స్‌లో పెద్ద బహుమతి వచ్చింది. సొంత దేశంలో చవక పేపర్‌బ్యాక్‌గా పోయిన పుస్తకం, అనువాదంలో గెలిచింది. కాఫిన్ ఎడ్, గ్రేవ్ డిగ్గర్ అని ఇద్దరు డిటెక్టివ్‌లు. వాళ్ళ ముందు మార్లో స్కూలు పిల్లాడు.

కామా_లేదు · సాయంత్రం 5:04

వాళ్ళిద్దరూ పోలీసులు కదా అన్నా. టాపిక్ ప్రైవేట్ డిటెక్టివ్‌లు.

శాలిబండ · సాయంత్రం 5:09

అవును పోలీసులే. అయినా చదువు.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్ · సాయంత్రం 6:20

మునగాకమ్మా, 'గన్సెల్' అన్న మాటని ఏం చేశావు? 'ఫాల్కన్'లో స్పేడ్ ఆ కుర్రాణ్ణి అంటాడు చూడు.

తెలియనివాళ్ళ కోసం. ఈ కథ చెప్పింది ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్. పెర్రీ మేసన్‌ని సృష్టించిన లాయరే, ఆయనా 'బ్లాక్ మాస్క్' మనిషే. సంపాదకుడు షాకి బూతంటే పడదు. హామెట్‌కి ఆయన్ని ఆటపట్టించాలని సరదా. దొంగల భాషలో ఒక మాట వాడాడు, వినడానికి ఘోరంగా ఉంటుంది. అర్థం చూస్తే దండెం మీద ఆరేసిన బట్టలు ఎత్తుకుపోవడం, అంతే. షా గారు దాన్ని టక్కున కొట్టేశారు. దాని వెనకే వదిలిన 'గన్సెల్' మాత్రం తుపాకీ పట్టుకునే మనిషి అనుకుని వదిలేశారు. అసలర్థం వేరు. యూదుల యిడ్డిష్‌లో బాతుపిల్ల అన్న మాట నుంచి వచ్చిందట, పెద్దవాడైన మగాడు తన వెంట తిప్పుకునే కుర్రాడు అని. షా ఒక్కడే కాదు, దేశం మొత్తం పొరబడింది. తర్వాత సినిమాల్లో, నవలల్లో గన్సెల్ అంటే తుపాకీ గూండా అనే స్థిరపడిపోయింది.

మునగాకు · రాత్రి 9:15

మాస్టారూ, ఆ మాట దగ్గరే రెండు వారాలు ఆగిపోయాను. అసలర్థం పెడితే తెలుగులో నేరుగా బూతవుతుంది, దొంగచాటుతనం పోతుంది. గూండా అని పెడితే షా గారిలాగే నేనూ మోసపోయినట్టు. వినేవాడికి అమాయకంగా ఉండాలి, తెలిసినవాడికి చురుక్కుమనాలి. అలాంటి తెలుగు మాట దొరకలేదు. 'చంకపిల్ల' దాకా వచ్చాను. తృప్తి లేదు.

ఎడిసన్_పిన్ని · రాత్రి 10:00

చంకపిల్ల బాగానే ఉంది. మా నాయనమ్మ ఇంకోటి అనేది గానీ మోడరేటర్ మళ్ళీ తీసేస్తాడు.

కామా_లేదు · సోమవారం రాత్రి 11:20

వాడు/అతను గొడవ గురించి. బస్సులో కూర్చుని ఆలోచించాను. పొరపాటైతే తిట్టండి.

హామెట్‌ది కాదు, నేను సొంతంగా అల్లిన ముక్క ఇది: "తలుపు కొట్టాను. తీయలేదు. వెనక్కి తిరిగి వచ్చాను. కిటికీ తెరిచే ఉంది." ఇందులో 'నేను' లేదు. ఇంగ్లిష్‌వాడు ప్రతి వాక్యానికీ 'ఐ' అనాలి. మనకి క్రియ చివర 'ను' చాలు. పేరు లేని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? సర్వనామం కూడా లేకుండా నడిచిపోతాడు. ఆప్ కోసమే తెలుగు పుట్టినట్టుంది.

ఇంకోటి. ఆప్ కథలు చెప్పేది ఆప్ కదా. అప్పుడు ఎవరిని వాడు అన్నా, ఎవరిని ఆయన అన్నా అది ఆప్ వేసే మార్కు, మీది కాదు. బ్యాంకు మేనేజర్‌ని ఆయన అని, అబద్ధం బయటపడ్డాక అదే మనిషిని వాడు అంటే, ఒక్క మాట వివరణ లేకుండా పాఠకుడికి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో హామెట్‌కి కూడా ఆ సదుపాయం లేదు.

'ఫాల్కన్' మాత్రం వేరు. అక్కడ చెప్పేవాడు ఎవడూ లేడు. అక్కడ పేరే వాడండి. "స్పేడ్ తలుపు తీశాడు." 'తీశాడు'కి ముందు వాడు ఉందో, అతను ఉందో ఎవరికీ తెలియదు. క్రియ బయటపెట్టదు.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్ · మంగళవారం ఉదయం 6:05

మొదటి రోజు ఒక్క లైను రాసి నెక్స్ట్ అన్నది నువ్వేనా బాబూ?

మునగాకు · ఉదయం 7:50

కామా గారూ, ఆఫీసుకి ఆలస్యమైనా ఫరవాలేదని కూర్చుని రాస్తున్నాను.

మొదటి పేజీ మళ్ళీ చేశాను. 'నేను'లు పంతొమ్మిది ఉండేవి, రెండు మిగిలాయి. ఆర్నెల్లుగా ఇంగ్లిష్ వాక్యం చివర వేలాడుతున్నానని ఇప్పుడు తెలిసింది. ఆయన-వాడు మార్పిడి కూడా ఒకచోట పెట్టి చూశాను, చప్పుడు చేయకుండా పనిచేస్తోంది. మరీ ఎక్కువ వాడితే గారడీలా ఉంటుంది, కథకి ఒక్కసారే అని నియమం పెట్టుకుంటున్నాను.

'ఫాల్కన్' సంగతి మగవాళ్ళ వరకు సరే. ఆడవాళ్ళ దగ్గర ఇంకో మెలిక ఉంది. "వచ్చింది" అంటే కథలోని బ్రిజిడ్ అనే అమ్మాయి వచ్చిందా, నల్ల పక్షి బొమ్మ వచ్చిందా? మనకి రెంటికీ ఒకటే క్రియ. మొదట లోపం అనుకున్నాను. కానీ ఆ నవలలో అందరూ వెంటపడేది ఆ రెంటికోసమే, ఆ రెంట్లో ఏది అసలో ఏది నకిలీయో చివరి దాకా తేలదు. ఒకచోట పేరు చెప్పకుండా "వచ్చింది" అని వదిలేస్తే ఎలా ఉంటుందో చూడాలి. అది తర్వాత. ముందు ఆప్.

ఎర్రబస్సు · ఉదయం 8:30

రాత్రి హామెట్ జైలు సంగతులు చదివాను. మీ ఆప్ మీద నా మాట మారలేదు. రాసినవాడిని మాత్రం ఇక నుంచి ఆయన అంటాను.

ఏ కథతో మొదలుపెడుతున్నారు?

మునగాకు · మధ్యాహ్నం 1:15

మొదటిదే. 'ఆర్సన్ ప్లస్', 1923 అక్టోబరు 1 సంచిక. తన పేరు కూడా పెట్టుకోలేదు, పీటర్ కాలిన్సన్ అని అచ్చయింది. నాటకాలవాళ్ళ పాత వాడుకలో పీటర్ కాలిన్స్ అంటే ఎవడూ లేడని అర్థమట. ఆ లెక్కన కాలిన్సన్ అంటే ఎవడూ కానివాడి కొడుకు. పేరు లేని డిటెక్టివ్‌కి ఎవడూ కానివాడి కొడుకు రచయిత.

శాక్రమెంటో దగ్గర ఒక ఇల్లు తగలబడుతుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, ఆప్ వెళ్ళి గుమ్మం గుమ్మం తిరుగుతాడు. ఇంతకన్నా చెప్పను, మోడరేటర్ ఉన్నాడు. తెలుగు పేరు కావాలి. 'దహనం మరియు' అని నా డ్రాఫ్టులో ఉంది, నవ్వకండి.

తాపేశ్వరం_కాజా · మధ్యాహ్నం 1:22

నవ్వాను. 'ఇల్లు కాల్చినవాడు'?

శాలిబండ · మధ్యాహ్నం 1:40

కాల్చడంతో ఆగలేదు, ఇంకా ఏదో ఉందని కదా ఆ ప్లస్. 'నిప్పు వెనకాల'?

ఎడిసన్_పిన్ని · సాయంత్రం 6:10

కూరగాయలు కొన్నాక చివర్లో రెండు పచ్చిమిరపకాయలు వేయించుకుంటాం చూడండి. 'నిప్పు, పైన కొసరు'.

మునగాకు · సాయంత్రం 6:25

పిన్ని గారూ!! ఖాయం. 'పైన' తీసేస్తున్నాను, షా గారుంటే అదీ కొట్టేసేవారు. 'నిప్పు, కొసరు'.

కామా_లేదు · సాయంత్రం 6:27

కామా ఉంచారేంటి

మునగాకు · సాయంత్రం 6:31

అది నీకు కొసరు.